సైకిలు బాడుగ: తులసీదాస్ బలరాం ఆట, బతుకు

కమలాపురంలో మా వాడ పిల్లలకు ఆటస్థలం అంటే పాపాఘ్ని ఇసుకే. ఏట్లో నీళ్లు పారే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గనక మైదానానికి కొదవ ఉండేది కాదు. పాతగుడ్డలు కుక్కి పురికొసతో బిగించిన బంతి, ఉత్తకాళ్లు, పొద్దు గూకిందాకా ఆట. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి ఫుట్‌బాల్ జట్టులోకి నన్ను తీసుకున్నారు. పోటీలు కడపలో. బస్సు చార్జీ, బూట్లు ఎవరివి వాళ్లే చూసుకోవాలన్నారు. ఆ వారం మా నాయనకు నాపరాళ్ల గనిలో పని లేదు. "వచ్చే ఏడు పోదువులే అబ్బోడా" అన్నాడు. వచ్చే ఏడు నన్ను ఎవరూ పిలవలేదు. చాలా ఏండ్లకు, యూనివర్సిటీలో చేరేటప్పుడు ఏదో సర్టిఫికెట్టు కోసం ఆ బడికి పోయినాను. పాత ఆటల రిజిస్టరు ఒకటి బల్లమీద ఉంటే తిరగేసినాను. నా పేరుకెదురుగా రెండే మాటలున్నాయి: "ఆసక్తి లేదు".

ఈ వ్యాసం నా గురించి కాదు. బస్సు చార్జీ లేకపోవడం "ఆసక్తి లేకపోవడం"గా ఎట్లా మారుతుందో, అదే లెక్కన బస్సు చార్జీ ఉండటం "ప్రతిభ"గా ఎట్లా మారుతుందో అర్థం చేసుకోవడానికి ఒక ఆటగాడి జీవితాన్ని చూద్దామని రాస్తున్నాను. ఆయన పేరు తులసీదాస్ బలరాం. తెలుగునేల మీద పుట్టి, భారత ఫుట్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ ఫార్వర్డులలో ఒకడిగా నిలిచినవాడు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో, 86 ఏండ్ల వయసులో కన్నుమూశాడు. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న పిల్లల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఉపాధ్యాయ మిత్రులు ఒకసారి తరగతిలో అడిగి చూడండి.

ముందే ఒక మాట. బలరాంను ఏదో ఒక కులం ఖాతాలో వేసుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆయన ఒక పేద ఇంటి పిల్లవాడు, ఒంటినే పెట్టుబడిగా పెట్టి బతికినవాడు. ఒంటిని పెట్టుబడిగా పెట్టేవాళ్ల విషయంలో ఈ సమాజం ఎట్లా నడుచుకుంటుందనేది మన ప్రశ్న. ఆ ప్రశ్న మన వాడలకు కొత్తది కాదు.

అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కు

బలరాం 1936లో సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కన ఉన్న అమ్ముగూడలో పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు. పటాలం ఉన్నచోట మైదానం ఉంటుంది, మైదానం ఉన్నచోట బంతి ఉంటుంది. సికింద్రాబాద్‌కు ఫుట్‌బాల్ వచ్చింది తెల్లదొరల పటాలాల వెంబడే. సిపాయిలు ఆడుతుంటే గట్టుమీద కూర్చుని చూసిన పిల్లలే తర్వాత ఆటగాళ్లయినారు. క్రికెట్‌కు బ్యాటు, ప్యాడ్లు, చదును చేసిన పిచ్చి కావాలి. టెన్నిసుకు క్లబ్బు సభ్యత్వం కావాలి. ఫుట్‌బాల్‌కు ఒక బంతి చాలు, ఇరవైమంది ఆడుకోవచ్చు. పేదవాళ్ల బస్తీల్లో ఈ ఆట పాతుకుపోవడానికి కారణం ఇంతే. అందులో మర్మమేమీ లేదు.

బలరాం ఆటను చూసి పట్టుకున్నవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేసినవాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు, 1950 నుంచి భారత జట్టుకు కూడా. ఆయన నడిపిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రహీం సాబ్ స్థానిక లీగులో బలరాం ఆట చూసి, సంతోష్ ట్రోఫీకి హైదరాబాద్ జట్టును తయారుచేసే శిబిరానికి రమ్మన్నాడు.

ఇక్కడే మనం ఆగి చూడాల్సిన సంగతి ఉంది. అమ్ముగూడ నుంచి శిక్షణ జరిగే ఫతే మైదాన్ దాదాపు పది మైళ్లు. ఫతే మైదాన్ అంటే నేటి లాల్ బహదూర్ స్టేడియం ఉన్న చోటు. రోజూ పోయి రావడానికి బలరాం దగ్గర డబ్బుల్లేవు. ఆ మాటే చెప్పాడు. రహీం సాబ్ సైకిలు బాడుగకు డబ్బులిచ్చాడు. ఆ బాడుగ సైకిలు మీద పోయివచ్చిన కుర్రవాడు 1956లో హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడాడు. హైదరాబాద్ గెలిచింది. అదే ఏడాది చివర్లో ఆ కుర్రవాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నాడు.

అమ్ముగూడకూ మెల్‌బోర్న్‌కూ మధ్య ఉన్నది సముద్రం కాదు, ఆ సైకిలు బాడుగ. రహీం సాబ్ ఆ రోజు "సరే, వీలైతే రా నాయనా" అని ఊరుకుని ఉంటే, ఏదో ఒక రిజిస్టరులో బలరాం పేరుకెదురుగా కూడా "ఆసక్తి లేదు" అనే ఉండేది.

ఆ బూట్లు కుట్టినదెవరు?

1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్సు చేతిలో 2–1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది ఆ రోజు ఉత్తకాళ్లతోనే ఆడారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడిన తర్వాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఆటపరంగా అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ ఉత్తకాళ్లతో ఆట నేర్చిన పేద పిల్లవాడికి అదొక కొత్త గడప. ఆట రావడం ఒక్కటే ఇక చాలదు, బూట్లూ ఉండాలి.

బలరాంకు కొత్త బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆటకు పనికొచ్చేట్టు బాగుచేయించుకున్నాడు. బలరాం పేరైనా అరకొరగా మిగిలింది. ఆ పాత తోలును కోసి, అడుగు కుట్టి, ఒక ఒలింపిక్ ఆటగాడి పాదానికి సరిపోయేట్టు చేసిన చేతులు ఎవరివో ఏ చరిత్రా రాసుకోలేదు.

ఇది ఒక్క అమ్ముగూడ కథ కాదు. దేశవిభజన తర్వాత సియాల్‌కోట్ నుంచి వచ్చిన ఆటసామాన్ల పరిశ్రమ జలంధర్‌లో స్థిరపడింది. అక్కడి బస్తీల్లో ఇండ్లలో కూర్చుని, ముక్కకు ముక్క జోడించి బంతులు కుట్టేవాళ్లలో ఎక్కువమంది దళితులే, అందులోనూ ఆడవాళ్లు చాలామంది. మన దగ్గర చచ్చిన గొడ్డు తోలు ఒలిచి, లందలో ఊరబెట్టి, చెప్పు కుట్టినవాణ్ణి ఊరికి ఎడంగా పెట్టినారు. అతను కుట్టిన చెప్పు ఊళ్లోకి పోయింది. అతను మాత్రం ఆ చెప్పు తొడుక్కుని ఊళ్లో నడవకూడదు. ఆటలోనూ లెక్క ఇదే. తోలు ఆటలోకి వచ్చింది, తోలు పని చేసినవాడు గట్టుమీదే ఉండిపోయాడు.

గట్టు దాటి లోపలికి వచ్చినవాళ్లకు ఏం జరిగిందో కూడా మనకు తెలుసు. పల్వంకర్ బాలూ చమార్ కులస్థుడు. పూనాలో దొరల క్లబ్బులో మైదానం చదును చేసే పనివాడిగా ఉంటూ వాళ్లకు బంతులు వేసి బౌలరయినాడు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీశాడు. హిందువుల జట్టుకు ఆయన బౌలింగు కావాల్సి వచ్చింది. టీ విరామంలో మాత్రం ఆయనకు టీ బయట, వేరే మట్టిముంతలో పోశారు. జట్టు కెప్టెన్ పదవి ఆయనకు ఏనాడూ దక్కలేదు. చాలా పోరాటం తర్వాత 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. చేతిలో పనితనం కావాలి, ఆ చెయ్యి ముట్టుకున్న ముంత వద్దు. మన సమాజం ప్రతిభను గౌరవించే పద్ధతి ఇది.

రోమ్, జకార్తా

ఇక బలరాం ఆట సంగతి. ఎడమపక్క వింగులోనూ, లోపలి ఫార్వర్డుగానూ, మధ్యలోనూ ఆడగలిగినవాడు. బంతిని అదుపు చేయడం, పక్కవాడికి సరైన చోట అందించడం, అవసరమైతే వెనక్కి వచ్చి బంతి లాక్కోవడం, మూడూ వచ్చినవాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురినీ భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులని పిలిచేవారు.

1956 మెల్‌బోర్న్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన దేశానికి అదే అత్యుత్తమం. 1960 రోమ్‌లో మనకు పడిన గ్రూపు చాలా గట్టిది: హంగరీ, ఫ్రాన్సు, పెరూ. హంగరీ మీద 2–1తో ఓడిపోయాం. మన ఒక్క గోల్ బలరాందే. ఆ రోజు ఎదుటి జట్టులో ఆడిన ఫ్లోరియాన్ ఆల్బెర్ట్ 1967లో ఐరోపా మేటి ఆటగాడి బహుమతి గెలిచాడు. అలాంటి జట్టు మీద ఒక్క గోల్ తేడాతో నిలబడటం చిన్న సంగతి కాదు. ఫ్రాన్సుతో 1–1తో సమానం చేశాం. పెరూ మీద 3–1తో ఓడాం, ఆ ఒక్కటీ బలరాం గోలే.

1962 జకార్తా ఆసియా క్రీడలు అసలు పరీక్ష. ఇజ్రాయిల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వలేదని మన అధికారి గురుదత్ సోంధీ విమర్శించడంతో అక్కడి జనం భారతీయుల మీద మండిపడి ఉన్నారు. అధికారి అన్న మాటకు గాలి తిట్లు తిన్నది ఆటగాళ్లు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించారు. రెండు ఆటల్లోనూ బలరాం గోల్స్ ఉన్నాయి. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3–2తో దాటి, సెప్టెంబరు 4న లక్షమంది ఎదురు కేకల మధ్య అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు బంగారం రాలేదు. అదే ఏడాదికి బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

ఇదంతా జరుగుతుండగా బలరాం బతుకుతెరువు కలకత్తాలో. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లాడు. ఆ క్లబ్బు తరఫున వందకు పైగా గోల్స్ చేశాడు. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగు గెలిపించాడు, ఆ ఏడాది లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసింది కూడా ఆయనే. ఆ కాలంలో మన ఫుట్‌బాల్ పేరుకు వృత్తి కాదు. పోలీసులోనో, రైల్వేలోనో, మిల్లులోనో ఉద్యోగం ఇచ్చి ఆడించుకునేవారు. ఆటగాడికి కాలు బాగున్నంతసేపే విలువ. ఒప్పందం, వైద్యం, పింఛను అనే మాటలు ఆ మైదానంలో వినపడేవి కావు.

1963

జకార్తా పతకం వచ్చి ఏడాది తిరక్కుండానే రెండు దెబ్బలు పడ్డాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. అదే ఏడాది, ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారిన బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకున్నాడు. క్షయ. అప్పటికి ఆయన వయసు 27 దాటలేదు. ఆటగాడు పండే వయసు అది.

క్షయ క్రిమి అందరికీ సోకుతుంది, జబ్బుగా మారేది మాత్రం ఎక్కువగా తిండి చాలనివాళ్లలో, గాలి ఆడని ఇండ్లలో. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. క్షయ రోగి ఇంట్లోవాళ్లకు సరైన తిండి దినుసులు ఇస్తే, వాళ్లలో కొత్తగా జబ్బు రావడం దాదాపు సగానికి తగ్గిందని తేలింది. మందు కన్నా ముందు మెతుకు అనే మాట మన అవ్వలు చెప్పిందే. రాతిగనుల్లో దుమ్ము మింగి, రాత్రంతా దగ్గే మనుషుల మధ్య పెరిగినవాణ్ణి గనక బలరాం జబ్బు గురించి చదివినప్పుడు నాకు అది ఆటగాడి దురదృష్టంగా కనపడలేదు. ఒంటితో పనిచేసేవాళ్లకు వచ్చే వృత్తి జబ్బులాగే కనపడింది. చిన్నప్పుడు చాలని తిండి, ఆ మీద ఏండ్ల తరబడి విశ్రాంతి లేని ఆట. ఒళ్లు ఎక్కడో ఒకచోట లెక్క అడుగుతుంది.

ఈస్ట్ బెంగాల్‌తో ఆయన సంబంధం చేదుగా ముగిసింది. ఆ బాధను ఆయన దాచుకోలేదు, ముసలితనంలో కూడా పైకే చెప్పేవాడు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో చివరిదాకా సాదాసీదాగా బతికాడు. త్రిమూర్తుల్లో మిగిలిన ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, చునీ గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో. బలరాంకు రాలేదు. ఆ ఇద్దరూ గొప్ప ఆటగాళ్లే, వాళ్ల గౌరవాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. నేను అడిగేది వేరు. కలకత్తాకు ఆయన బయటివాడు, హైదరాబాద్ వదిలిపోయినవాడు, తమిళులకు తెలుగునేల మీద పుట్టినవాడు. తన తరఫున గట్టిగా అడిగే ఊరు గానీ సంఘం గానీ లేని మనిషిని గుర్తుపెట్టుకునే బాధ్యత ఎవరిది? ఆట బాగున్నప్పుడు దేశం మొత్తం ఆయనది. జబ్బు వచ్చినప్పుడు ఆయన ఒక్కడే.

రహీం సాబ్‌కు కూడా బతికుండగా దేశం చేసిన సన్మానం ఏమీ లేదు. ఆయన మీద హిందీలో "మైదాన్" సినిమా 2024లో వచ్చింది. అంటే పోయిన అరవై ఏండ్లకు. ఆంధ్రప్రదేశ్ 1965–66లో ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ తర్వాత మళ్లీ గెలవలేదు. ఒక మనిషి సొంత జేబుతో, సొంత పట్టుదలతో నిలబెట్టిన ఇల్లు ఆ మనిషితోనే కూలింది. వ్యవస్థ చేయాల్సిన పని ఒక మంచి మనిషి చేస్తే మనం చప్పట్లు కొడతాం. ఆ మనిషి పోయినాక ఆ పని ఎవరు చేయాలని మాత్రం అడగం.

లైబీరియా నుంచి ఒక పోలిక

పడమటి ఆఫ్రికాలో లైబీరియా అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని మన్రోవియాలో క్లారాటౌన్ అనే మురికివాడలో 1966లో జార్జి వియా పుట్టాడు. నాయనమ్మ పెంచింది. ఫుట్‌బాల్ అన్నం పెట్టేదాకా టెలిఫోను సంస్థలో చిన్న ఉద్యోగం చేశాడు. అక్కడి నుంచి కామెరూన్, 1988లో మొనాకో, తర్వాత పారిస్, 1995లో మిలాన్. ఆ ఏడాదే ఐరోపా మేటి ఆటగాడి బహుమతి, ప్రపంచ మేటి ఆటగాడి బహుమతి రెండూ ఆయనకే వచ్చాయి. ఆ రెండు బహుమతులూ గెలిచిన ఆఫ్రికన్ ఇప్పటికీ ఆయన ఒక్కడే. ఆట మానినాక రాజకీయాల్లోకి వచ్చి 2018 నుంచి 2024 దాకా దేశాధ్యక్షుడిగా ఉన్నాడు. ఆయన పాలన మీద అక్కడి జనానికి ఉన్న అసంతృప్తి వేరే చర్చ. 2023 ఎన్నికల్లో ఓడిపోయి, ఓటమిని ఒప్పుకుని దిగిపోయాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. మురికివాడలో పుట్టిన పిల్లవాడు దేశాధ్యక్షుడు కావడం కష్టపడితే ఎవరైనా పైకొస్తారనడానికి రుజువని చెప్పేవాళ్లుంటారు. కానీ వియా స్వయంగా ఏం చేశాడో చూడండి. లైబీరియా అంతర్యుద్ధంతో చితికిపోయి ఉన్న రోజుల్లో, జాతీయ జట్టుకు దుస్తులు, విమానం చార్జీలు తన సొంత డబ్బుతో పెట్టాడు. కష్టం ఒక్కటే చాలదని, ఎవరో ఒకరు దారిఖర్చు పెట్టాలని ఆయనకు బాగా తెలుసు. రహీం సాబ్ ఇచ్చిన సైకిలు బాడుగ, వియా ఇచ్చిన విమానం చార్జీ రెండూ ఒకటే.

తేడా ఎక్కడంటే, వియా కాలానికి ఐరోపాలో ఆటగాడి శ్రమకు ధర ఉంది, ఒప్పందం ఉంది. తన కాళ్ల మీద వచ్చిన డబ్బు తన చేతికే వచ్చింది గనక, దాంతో ఇంకొకరికి దారి చూపగలిగాడు. బలరాం కాలానికి ఇక్కడ అది లేదు. ఆట ఆయనది, లాభం క్లబ్బుది, పేరు దేశానిది, జబ్బు మళ్లీ ఆయనదే.

మనం చేయగల పని

రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా "మెరిట్" అనే మాట మన మొహాన కొడతారు. ఆటలో అయితే మెరిట్ తేటతెల్లం, అక్కడ కులమేముంది, బంతికి కళ్లున్నాయా అంటారు. బంతికి కళ్లు లేవు నిజమే. బంతి దగ్గరికి పోయే బస్సుకు టికెట్టు ఉంది. శిబిరంలో చేరడానికి బూట్లు కావాలి. సాయంత్రం ఆడినవాడికి రాత్రి తిండి కావాలి. ఇవన్నీ ఎవరో ఒకరు ముందే కట్టి ఉంటేనే మెరిట్ మైదానంలోకి అడుగు పెడుతుంది. కట్టినవాళ్ల పేరు చెప్పకుండా మిగిలినదానికే మెరిట్ అని పేరు పెడుతున్నాం.

మన సీమలోనే దీనికి రుజువుంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు 1969 నుంచి దళిత, వెనుకబడిన కులాల పల్లెల్లో పనిచేస్తోంది. అది నడిపిన ఆటల అకాడమీలో మైదానం, తిండి, బస, బూట్లు దొరికేసరికి కరువు పల్లెల ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ ఆడినారు. ఆ పిల్లలకు ఆసక్తి అంతకుముందు లేక కాదు. అయితే ఇది ఒక సంస్థ దయతో జరిగే పనిగా మిగిలిపోకూడదు. సంస్థ ఉన్నా లేకపోయినా ప్రభుత్వ బడిలో పిల్లవాడి హక్కుగా జరగాలి.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు, సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాదొక చిన్న సూచన. మీ మండలంలో బడి ఆటలకు వచ్చే డబ్బులో ప్రయాణానికి, బూట్లకు, తిండికి ఎంత ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. జట్టుకు ఎంపికై కూడా పోటీలకు పోని పిల్లల పేర్లు రాసుకోండి. వాళ్ల ఇండ్లకు పోయి, ఎందుకు పోలేదో తల్లిదండ్రులను అడగండి. ఆ కారణాన్ని రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాయించండి. "చార్జీలకు డబ్బుల్లేవు" అని ఒకసారి కాగితం మీదికి ఎక్కితే, దానికి జవాబు చెప్పాల్సిన వాళ్లు ఎవరో తేలుతుంది. "ఆసక్తి లేదు" అని రాసినంతకాలం నేరం పిల్లవాడిదే.

మొన్న ఊరికి పోయినప్పుడు పాపాఘ్ని ఇసుకలో మా వాడ పిల్లలు ఆడుతుంటే చూసినాను. బంతి ఇప్పుడు గుడ్డది కాదు, రబ్బరుది. ఒకడు ఎడమకాలితో బాగా కొడుతున్నాడు. పిలిచి, బడి జట్టులో ఉన్నావా అని అడిగినాను. "ఉండాను సార్, కడపకు ఎట్లా పోవల్లో తెలీదు" అన్నాడు. బస్సు చార్జీ ఇచ్చి వచ్చినాను. అది జవాబు కాదని నాకు తెలుసు. రహీం సాబ్ చేసింది కూడా అదే, ఆయన తర్వాత ఏమైందో పైన రాసినాను.